చీము కణాలు 8–10

పోయిన వేసవిలో ఒక జంట మా ల్యాబుకు వచ్చారు. గోదావరి జిల్లాలో ఒక చిన్న పట్టణంలో ఇరవై ఏళ్ళుగా పాథాలజిస్టుగా పనిచేస్తున్న నాకు ఇలాంటి జంటలు కొత్త కాదు. ఆమె చేతిలోని ఫైలు లావుగా ఉంది. అందులో నాలుగు స్కానింగులు, ట్యూబుల టెస్టు, ఒక ల్యాప్రోస్కోపీ సీడీ, హార్మోన్ల కాగితాలు అన్నీ ఉన్నాయి. అతని వైపు నుంచి ఉన్నవి మాత్రం మూడే మూడు కాగితాలు, తొమ్మిది నెలల వ్యవధిలో వేరే చోట చేయించుకున్న మూడు వీర్య పరీక్షల రిపోర్టులు. మూడింటిలోనూ ఒకే వరుస కింద ఎర్ర పెన్నుతో గీత గీసి ఉంది: "పస్ సెల్స్ 8–10." ఆ ఒక్క వరుస ఆధారంగా అతను మూడు కోర్సుల యాంటీబయాటిక్స్ వాడాడు. మూడోసారి ఆమె చేత కూడా వాడించారు.

"మేడమ్, ఈ చీము ఎక్కడి నుంచి వస్తోందండీ? మంట లేదు, నొప్పి లేదు" అని అతను అడిగాడు. ఆమె మాత్రం గొంతు తగ్గించి, "ఆయన పరీక్ష చేయించుకున్నట్టు మా అత్తయ్యగారికి తెలియదండీ, రిపోర్టు ఫోనుకి పంపించకండి" అంది. ల్యాప్రోస్కోపీకి మత్తు ఇచ్చి పొట్టకు కోత పెట్టడం ఇంట్లో అందరికీ తెలిసి జరిగింది. కొన్ని వందల రూపాయల్లో, ఎవరికీ నొప్పి లేకుండా అయిపోయే పరీక్ష మాత్రం రహస్యం. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుందన్న సంగతి వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. అది మన ఇళ్ళ గడప దాటి లోపలికి రావడానికే ఇంత కాలం పడుతోంది.

అతని ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఆ వరుసలో లెక్కపెట్టినవి నిజంగా చీము కణాలేనా అని చూడాలి. వీర్యం చుక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే తోకలున్న కణాల మధ్య గుండ్రటి కణాలు కొన్ని కనిపిస్తాయి. వీటిలో ప్రధానంగా రెండు రకాలున్నాయి. ఒకటి తెల్ల రక్తకణాలు, అంటే వాడుకలో చీము కణాలు. రెండోది వృషణంలో తయారవుతూ తయారవుతూ, పూర్తిగా పక్వం కాకముందే జారిపోయి వచ్చిన వీర్యకణాల పిల్లదశలు. రంగు వేయకుండా చూస్తే ఈ రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. ఎంత అనుభవమున్న కన్నైనా పొరబడుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ వీర్య పరీక్షల మార్గదర్శక గ్రంథం, 2021లో వచ్చిన ఆరో ముద్రణతో సహా, పెరాక్సిడేజ్ అనే ఎంజైమును పట్టుకునే రంజకంతో వీటిని వేరు చేయమంటుంది. ఆ రంజకం కలిపి ఇరవై, ముప్ఫై నిమిషాలు ఆగి చూస్తే న్యూట్రోఫిల్ రకపు తెల్లకణాలు గోధుమ రంగు పట్టుకుని నిలుస్తాయి, పిల్లదశ కణాలు రంగు పట్టకుండా అలాగే ఉండిపోతాయి. అలా గోధుమ రంగు తేలినవి మిల్లీలీటరుకు పది లక్షలు దాటితేనే వీర్యంలో తెల్లకణాలు ఎక్కువగా ఉన్నాయని అంటారు. సూక్ష్మదర్శినిలో ఒక ఫీల్డుకు ఎనిమిదో పదో కనిపించాయని రాసే పద్ధతి మూత్ర పరీక్ష నుంచి అరువు తెచ్చుకున్నది. దాన్ని మిల్లీలీటరు లెక్కలోకి మార్చడం నమ్మదగిన పని కాదు.

ఇక్కడ నేను ఎవరినో వేలెత్తి చూపడం లేదు. కొన్నేళ్ళ క్రితం వరకు మా ల్యాబు రిపోర్టులోనూ అదే వరుస అలాగే ఉండేది. రంజకం ఖరీదు, దాన్ని కలుపుకొనే శ్రమ, రోజుకు ఒకటో రెండో శాంపిళ్ళ కోసం ఇదంతా ఎందుకన్న బద్ధకం, అన్నీ మాకూ ఉండేవి.

అతని శాంపిల్‌లో గుండ్రటి కణాలు మిల్లీలీటరుకు సుమారు ముప్ఫై లక్షలు తేలాయి. గోధుమ రంగు పట్టినవి నాలుగు లక్షలే. మిగిలినవి దాదాపుగా అన్నీ పిల్లదశ కణాలే. అంటే తొమ్మిది నెలలుగా యాంటీబయాటిక్స్ వేటాడింది చాలావరకు అతని సొంత వీర్యకణాల పసికందులనే. వాటి గురించి మళ్ళీ చెబుతాను, ఎందుకంటే ఆ మూడు కాగితాల్లో ఎవరూ గీత గీయని వేరే కథ ఒకటి ఉంది.

ఈ పొరపాటుకు పాత చరిత్రే ఉంది. మనిషి వీర్యకణాన్ని మొదటిసారి చూసిన శాంపిల్ ఆరోగ్యవంతుడిది కాదు. 1677లో యోహాన్ హామ్ అనే వైద్య విద్యార్థి, గనేరియా ఉన్న ఒక రోగి వీర్యాన్ని గాజు సీసాలో పెట్టుకుని డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారీ, సూక్ష్మదర్శినుల తయారీలో దిట్టా అయిన లీవెన్‌హుక్ దగ్గరకు తెచ్చాడు. అందులో తోకలున్న జీవాలు కదులుతున్నాయనీ, అవి కుళ్ళు వల్ల పుట్టినవై ఉంటాయనీ అతని అభిప్రాయం. రోగికి టర్పెంటైన్ మందు పట్టించాక అవి చచ్చి కనిపించాయని కూడా చెప్పాడు. లీవెన్‌హుక్‌కు అనుమానం వచ్చి తన సొంత వీర్యాన్ని, నాడి ఆరుసార్లు కొట్టుకునే లోపే, చూసుకున్నాడు. అవే జీవాలు అందులోనూ ఉన్నాయి. అంటే అవి రోగం కాదు. ఆ ఏడాది నవంబరులో లండన్ రాయల్ సొసైటీకి రాసిన ఉత్తరంలో ఈ సంగతంతా చెప్పి, ఇది పండితులకు ఏవగింపు కలిగించేదైతే దాచేయమని కోరాడు. ఆరోగ్యమైన కణాన్ని చూసి రోగమనుకోవడం, దాన్ని చంపిన మందును చూసి సంతోషించడం, ఈ రెండూ ఈ శాస్త్రం పుట్టిన రోజు నుంచే ఉన్నాయన్నమాట.

అలాగని నిజమైన తెల్లకణాలు హాని చేయవని కాదు. శరీరంలో ఎక్కడ సూక్ష్మజీవి చొరబడినా, కణజాలం దెబ్బతిన్నా, అక్కడికి తెల్లకణాలు చేరి పోరాడతాయి. ఆ పోరాటం వల్ల వచ్చే ఎరుపు, వేడి, వాపు, నొప్పిని కలిపి ఇన్‌ఫ్లమేషన్ అంటాము. న్యూట్రోఫిల్ ఆయుధాల్లో ముఖ్యమైనవి చురుకైన ఆక్సిజన్ అణువులు, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి. బాక్టీరియాను కాల్చే ఈ నిప్పు పక్కనున్న వీర్యకణాన్నీ కాలుస్తుంది. వీర్యకణం ఆ దాడికి తట్టుకోలేని నిర్మాణం కలది. దాని పైపొరలో సులభంగా ఆక్సీకరణ చెందే కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. బరువు తగ్గించుకుని ఈదడం కోసం లోపలి కణద్రవాన్ని దాదాపుగా వదిలేసుకున్న కణం కనుక, మామూలు కణాలకుండే రక్షక ఎంజైములు దీనికి చాలా తక్కువ. పొర చెడితే తోక సరిగా కొట్టుకోదు, అండం పొరతో కలిసే శక్తి తగ్గుతుంది. లోపలి డీఎన్‌ఏ పోగులు తెగితే తనంతట తాను అతుకు వేసుకునే యంత్రాంగం కూడా దానికి లేదు. ఆక్సిజన్ ఎక్కువైన చోట మనిషి వీర్యకణాల కదలిక తగ్గుతుందని, అందుకు హైడ్రోజన్ పెరాక్సైడ్ కారణం కావచ్చునని జాన్ మెక్లియడ్ అనే పరిశోధకుడు 1943లోనే రాశాడు. నిప్పును ఆర్పే పదార్థాలు వీర్యద్రవంలో ఉంటాయి కాబట్టి కొద్దిపాటి తెల్లకణాల వల్ల పెద్ద నష్టం ఉండదు. దాడి వృషణం వెనకుండే ఎపిడిడిమిస్ గొట్టం లోపల, వీర్యకణాలు రోజుల తరబడి నిలవుండే చోట జరిగితే మాత్రం సంగతి వేరు. ఎందుకంటే ఆ ద్రవంలో ఎక్కువ భాగం వీర్యం బయటికి వచ్చే క్షణంలోనే, ప్రోస్టేట్ గ్రంథి నుంచి, వీర్యకోశాల నుంచి వచ్చి కలుస్తుంది. డీఎన్‌ఏ తెగిందా లేదా అన్నది మామూలు రిపోర్టులో కనబడదు. కౌంటూ కదలికా బాగున్న రిపోర్టు వెనక కూడా ఆ లోపం ఉండవచ్చు.

సూక్ష్మజీవులు నేరుగా చేసే పని కూడా కొంత ఉంది. ఇ. కోలై బాక్టీరియా వీర్యకణాలకు అతుక్కుని వాటిని గుంపులుగా ముద్దకట్టిస్తుంది. వీర్యకణాలు యుక్తవయసులో పుట్టేవి కాబట్టి మన రోగనిరోధక వ్యవస్థకు అవి పరాయివే. వృషణంలోని అడ్డుగోడ దెబ్బతింటే వాటికి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టి, తలకో తోకకో అంటుకుని కదలనివ్వవు.

అయితే నా అనుభవంలో సంతానానికి అసలైన ముప్పు తెల్లకణాల సంఖ్య కాదు, మచ్చలు. ఇన్‌ఫ్లమేషన్ తగ్గిపోయాక మిగిలే గట్టి పీచులాంటి కణజాలం గొట్టాన్ని మూసేస్తే ఎంత ఆరోగ్యమైన వృషణమైనా ఉపయోగం లేదు. ఎపిడిడిమిస్ అనేది వృషణం వెనక చుట్టచుట్టుకుని ఉండే ఒకే ఒక గొట్టం, విప్పితే సుమారు ఆరు మీటర్ల పొడవు. అంత పొడవు గొట్టంలో ఒక్క చోట పూడిక పడినా ఆ వైపు దారి మూసుకుపోయినట్టే. ముప్ఫై అయిదేళ్ళ లోపు వారిలో ఎపిడిడిమిస్ వాపుకు ఎక్కువగా క్లమీడియా, గనేరియా వంటి లైంగిక వ్యాధులు కారణమవుతాయి. ఆ వయసు దాటిన వారిలో మూత్రనాళం నుంచి ఎక్కే ఇ. కోలై వంటివి ఎక్కువ. క్లమీడియా చాలామందిలో ఏ లక్షణమూ చూపదు, భార్య ట్యూబులను కూడా అంతే నిశ్శబ్దంగా పాడుచేస్తుంది. నొప్పితో, జ్వరంతో వచ్చే వాపుకు మనవాళ్ళు వెంటనే వైద్యం చేయించుకుంటారు, దాని గురించి నాకంత దిగులు లేదు. దిగులల్లా చప్పుడు చేయని వాటి గురించే.

మన దేశంలో అలాంటి వాటిలో మొదటిది క్షయ. ఊపిరితిత్తుల క్షయ అందరికీ తెలుసు. అదే క్రిమి రక్తం ద్వారా మూత్ర, జననాంగాలకు చేరితే మగవారిలో చాలాసార్లు ఎపిడిడిమిస్‌లో తిష్ఠ వేస్తుంది. మూడేళ్ళ క్రితం ఒక లారీ డ్రైవరు శాంపిల్ వచ్చింది. పరిమాణం 0.7 మిల్లీలీటర్లు. కనీస హద్దు 1.4. సాధారణంగా క్షారగుణంతో ఉండాల్సిన ద్రవం ఆమ్లంగా ఉంది. వీర్యకోశాల నుంచి రావలసిన ఫ్రక్టోజ్ చక్కెర లేదు. వీర్యకణం ఒక్కటీ లేదు. చీము కణాలూ లేవు, ఆ వరుసలో "నిల్" అని రాయాల్సి వచ్చింది. దారి చివరలో మూసుకుపోయిందని ఆ నాలుగు అంకెలూ కలిసి చెబుతున్నాయి. యూరాలజిస్టు చేత్తో తడిమి చూస్తే వీర్యనాళం పూసల దండలా గరుకుగా తగిలింది. ఎప్పుడో వృషణం వెనక చిన్న గడ్డ కనిపించిందనీ, నొప్పి లేదు కదా అని ఊరుకున్నాననీ అతను తర్వాత చెప్పాడు. మూత్ర పరీక్షలో క్షయ క్రిమి తేలింది. మందులు క్రిమిని చంపుతాయి, మచ్చను మాత్రం తీసేయలేవు. ఒక్కోసారి మానుతున్న కొద్దీ మచ్చ ఇంకా బిగుస్తుంది. ఇలాంటి వారిలో వృషణం వీర్యకణాలు తయారుచేస్తూనే ఉంటుంది కనుక సూదితో వాటిని తీసి, ఇక్సీ పద్ధతిలో అండంలోకి నేరుగా ఎక్కించే అవకాశం ఉంది. 1992లో ఆ పద్ధతిలో మొదటి పిల్లలు పుట్టారు. అంతకు ముందు తరంలో ఇతనికి చెప్పగలిగింది ఏమీ ఉండేది కాదు.

రెండోది గవదబిళ్ళలు. చిన్నప్పుడు వస్తే దవడకు పట్టు వేసి, నాలుగు రోజులు బడి మాన్పించి మరిచిపోయే జబ్బు ఇది. యుక్తవయసు దాటిన మగవారికి వస్తే 15–30 శాతం మందిలో వృషణం కూడా వాస్తుంది, సాధారణంగా దవడ వాచిన వారంలోపే. వృషణం చుట్టూ సాగని గట్టి తొడుగు ఉంటుంది కనుక లోపల వాపు వస్తే ఒత్తిడికి వీర్యకణాలు పుట్టే గొట్టాలు నలిగిపోతాయి. అలా వాచిన వృషణాల్లో చాలా వాటికి తర్వాత కొంత కుంచించుకుపోయే గుణం ఉంది. రెండు వైపులా రావడం తక్కువ కాబట్టి పూర్తి వంధ్యత్వం అరుదు. మన జాతీయ టీకాల కార్యక్రమంలో తట్టు, రుబెల్లా టీకా ఉంది గానీ గవదబిళ్ళలది లేదు. పిల్లల వైద్యులు విడిగా వేసే మూడింటి టీకాలోనే అది దొరుకుతుంది. మగపిల్లల తల్లిదండ్రులకు ఈ తేడా ఎవరైనా చెబుతున్నారా అన్నది నా సందేహం.

మూడోది మా తీరప్రాంతానికి బాగా తెలిసిన బోదకాలు క్రిమి. కాలు వాచినవారే అందరి కంటికీ కనిపిస్తారు. మగవారిలో ఆ క్రిములు పెద్దవై కాపురం పెట్టేది ఎక్కువగా వృషణాల చుట్టూ ఉన్న శోషరస నాళాల్లో. అల్ట్రాసౌండ్ పెడితే బతికున్న క్రిములు లోపల మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి, రేడియాలజిస్టులు దాన్ని ఫైలేరియా నాట్యం అంటారు. ఆ నాళాలు పాడై నీరు చేరితే వరిబీజం. శరీర ఉష్ణోగ్రత కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉండాల్సిన వృషణానికి ఆ నీటి సంచి దుప్పటి కప్పినట్టు అవుతుంది. బోదకాలు రాకుండా ఇంటింటికీ తెచ్చి ఇచ్చే డీఈసీ మాత్రను జేబులో వేసుకుని, "తర్వాత వేసుకుంటాలే" అనే కుర్రవాళ్ళకు ఆశా కార్యకర్తలు కాలు వాపు గురించి చెబుతారు. ఈ రెండో సంగతి కూడా చెబితే అక్కడికక్కడే మింగుతారేమో.

ప్రోస్టేట్ వాపు గురించి రాయాలంటే చాలా ఉంది గానీ ఒక్కటి చెబుతాను. పొత్తికడుపు కింద నెలల తరబడి లాగే నొప్పితో వచ్చేవారిలో ఎక్కువ మందికి ఏ బాక్టీరియా దొరకదు. ఇన్‌ఫ్లమేషన్ ఉంటే ఇన్‌ఫెక్షన్ ఉండి తీరాలన్న నియమం లేదు. పొగ తాగేవారి వీర్యంలో కూడా తెల్లకణాలు ఎక్కువగా కనిపిస్తాయి.

శాంపిల్‌లోని క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్ష రిపోర్టును చదివేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం. వీర్యం బయటికి వచ్చే దారి శుభ్రమైన దారి కాదు. మూత్రనాళం చివర, చర్మం మీద ఉండే బాక్టీరియా శాంపిల్‌లోకి రావడం మామూలే. మూత్రం పోసి, చేతులూ అంగమూ సబ్బుతో కడిగి తుడుచుకుని, ల్యాబు ఇచ్చే సూచనల పత్రంలో చెప్పినట్టు సీసా అంచును ముట్టకుండా సేకరిస్తే అలాంటివి బాగా తగ్గుతాయి. మా ల్యాబులో శాంపిల్ సేకరించే గది పక్కన వాష్‌బేసిన్ పెట్టించిన నెల నుంచి కల్చర్లలో చర్మపు బాక్టీరియా సగానికి సగం తగ్గింది. ఒకే రకం క్రిమి, గట్టి సంఖ్యలో, తెల్లకణాలతో పాటు కనిపిస్తే యాంటీబయాటిక్ వాడాలి, లైంగిక వ్యాధి అయితే భార్యాభర్తలిద్దరూ కలిసి వాడాలి. అలా వాడినప్పుడు ఇన్‌ఫెక్షన్ పోతుంది, తెల్లకణాలు తగ్గుతాయి. గర్భం వచ్చే అవకాశం పెరుగుతుందని మాత్రం అంత ధీమాగా చెప్పలేం. యాంటీ ఆక్సిడెంట్ గుళికల సంగతీ అంతే. సిద్ధాంతం ప్రకారం అవి పనిచేయాలి, 2020లో వెలువడిన అమెరికా పరీక్షలో మాత్రం మూడు నెలలు వాడినా వీర్యంలో గానీ డీఎన్‌ఏలో గానీ మెరుగు కనిపించలేదు. మందుల దుకాణంలో వాటి ధర చూసినప్పుడల్లా నాకు ఆ పరీక్ష గుర్తొస్తుంది. కీళ్ళవాతానికి, పెద్దపేగు పూతకు వాడే సల్ఫాసలజీన్ వంటి మందులు తాత్కాలికంగా కౌంటును తగ్గిస్తాయి కాబట్టి, ఇన్‌ఫ్లమేషన్‌కు వాడే మందే కారణమేమో అని కూడా ఒకసారి అడగాలి.

ఇక ఆ మొదటి జంట దగ్గరకు వస్తాను. అతని పాత రిపోర్టులు మూడింటినీ తేదీల వరుసలో బల్ల మీద పరిచాను. మొదటిదానిలో కౌంటు మిల్లీలీటరుకు 90 లక్షలు, రెండోదానిలో 2 కోట్ల 10 లక్షలు, మూడోదానిలో 2 కోట్ల 80 లక్షలు. కనీస హద్దు 1 కోటి 60 లక్షలు. "మొదటి పరీక్షకు ముందు జ్వరమేమైనా వచ్చిందా?" అని అడిగాను. "డెంగీ వచ్చిందండీ, ప్లేట్‌లెట్లు పడిపోయి ఆస్పత్రిలో అయిదు రోజులున్నాను. అది ఈ పరీక్షకు నెలా పదిరోజుల ముందు" అన్నాడు. ఒక వీర్యకణం మొదలు నుంచి తయారవడానికి సుమారు 74 రోజులు, ఆపైన ఎపిడిడిమిస్ దాటడానికి మరి కొన్ని రోజులు పడుతుంది. పెద్ద జ్వరం ఆ వరుసలో మధ్యలో ఉన్న పిల్లదశలను దెబ్బతీస్తుంది, ఆ దెబ్బ బయటపడేది నాలుగైదు వారాల తర్వాత. కోవిడ్ వచ్చి తగ్గిన చాలామందిలో కూడా కౌంటు ఇలాగే పడి, మూడు నెలల్లో తిరిగి లేచింది. జ్వరం వచ్చిన మూడు నెలల లోపు చేసిన పరీక్షను చూసి మనిషికి ముద్ర వేయకూడదని అందుకే అంటారు. అతని అంకెలు తమంతట తాము మెట్లెక్కుతుంటే ఆ ఘనత యాంటీబయాటిక్స్‌కు దక్కింది, గీత మాత్రం చీము కణాల కిందే పడింది. పిల్లదశ కణాలు ఇప్పటికీ కాస్త ఎక్కువగానే ఉన్నాయి కనుక వృషణాలను ఒకసారి తడిమి చూసి, సిరల వాపు ఉందేమో తేల్చమని రాసి పంపాను. ఆమె అదే కాగితాన్ని తన లావు ఫైలులో అన్నిటికంటే పైన పెట్టుకుంది.

ఇప్పుడు మా రిపోర్టులో "పస్ సెల్స్" వరుస లేదు. "గుండ్రటి కణాలు" అని ఒక వరుస, దాని కింద "పెరాక్సిడేజ్ పాజిటివ్" అని మరొకటి, రెండూ మిల్లీలీటరు లెక్కలో ఉంటాయి. మార్చిన నెలలోనే పక్క ఊరి డాక్టరుగారు ఫోను చేశారు. "మీ రిపోర్టులో పస్ సెల్స్ ఎక్కడున్నాయండీ?" అన్నారు. పైదంతా చెప్పాను, ఓపికగా విన్నారు. "అదంతా సరేనండీ, ఆ కాలమ్ కూడా ఒకటి ఉంచండి, పేషెంట్లు అదే అడుగుతున్నారు" అన్నారు.